మూడు నెలలు దాటిన నొప్పి: ఫిజియో క్లినిక్‌లో భయాన్నీ కదలికనూ కలిపి చూడటం ఎలా?

"ఎమ్మారైలో చెప్పుకోదగ్గదేమీ లేదు. పది సిట్టింగులు అయిపోయాయి. కరెంటు పెట్టించుకున్న పూట హాయిగా ఉంటుంది, ఇంటికెళ్లేసరికి మళ్లీ మామూలే. ఈ పేషెంట్‌కి ఇంకేం చేయాలి?" విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో క్లినిక్ నడుపుతున్న ఫిజియోలూ, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) ముగించి కొత్తగా పనిలో చేరినవాళ్లూ పదే పదే అడిగే ప్రశ్న ఇదే. అందుకే జవాబు వరస క్రమంలో ఇక్కడ.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీరు కౌన్సెలర్ అవతారం ఎత్తక్కర్లేదు. చేసేది ఫిజియోథెరపీయే. ఏ వ్యాయామం ఎంత ఇవ్వాలి, ఎప్పుడు పెంచాలి, ఏ మాట చెప్పి ఇవ్వాలి అన్నది ఆ పూట నొప్పిని బట్టి కాకుండా పేషెంట్ భయాన్నీ నమ్మకాన్నీ కూడా లెక్కలోకి తీసుకుని నిర్ణయిస్తారు, అంతే తేడా. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ఆస్ట్రేలియాలో ఇలాగే చేసిన రిస్టోర్ అనే ట్రయల్ 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది: 492 మంది పేషెంట్లు, 20 ఫిజియో క్లినిక్‌లు, 12 వారాల్లో గరిష్ఠంగా 7 సెషన్లు, 26వ వారంలో గుర్తుచేసే ఒక బూస్టర్ సెషన్. ఏడాది తర్వాత కూడా ఫలితం నిలిచింది. మన దగ్గర ఏడు సెషన్లు ఒక్క వారంలోనే అయిపోతాయి!

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి వద్దు

నొప్పి 3 నెలలు దాటి, ప్రమాదకరమైన కారణం లేదని తేలినవాళ్లకు: నడుము, మెడ, భుజం, మోకాలు, ఒళ్లంతా నొప్పులు. కొత్త ఫ్రాక్చర్, రోజురోజుకీ పెరుగుతున్న కాలి బలహీనత, ఇన్ఫెక్షన్, సర్జన్ కదలికలకు హద్దు పెట్టిన ఆపరేషన్ కేసు, ఇవి ఉంటే ఈ పద్ధతి మొదలుపెట్టకండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- తొలి సెషన్‌కు 45 నుంచి 60 నిమిషాలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30 నిమిషాలు
- తలుపు వేసుకోగలిగే గది. పరదా చాటున మాట్లాడితే పక్క మంచం మీద ఉన్నవాళ్లందరికీ వినిపిస్తుంది, పేషెంట్ అసలు విషయం చెప్పరు
- పేషెంట్ ఇంటికి తీసుకెళ్లే ఒక నోటుబుక్కు (యాప్ కన్నా ఇదే నయం, ఇంట్లో మిగతావాళ్లూ చూస్తారు)
- టైమరు, వేర్వేరు ఎత్తుల్లో రెండు మూడు స్టూళ్లు, ఒక బకెట్టు, ఒక గోతం సంచి, నేల మీద చాప
- మీరు పేషెంట్‌ను పంపగలిగిన ఒక సైకియాట్రిస్టు, ఒక సైకాలజిస్టు ఫోన్ నంబర్లు, ముందే మాట్లాడి పెట్టుకున్నవి

1. ప్రమాద సూచనలు మీరే మళ్లీ చూడండి

"డాక్టరు గారు చూసే పంపారు" అన్న ధీమాతో దీన్ని దాటేయొద్దు. మలమూత్రాల పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడం, కూర్చునే చోట (పిరుదులు, తొడల మధ్య భాగం) మొద్దుబారడం, రెండు కాళ్లలో బలహీనత ఉంటే అదే రోజు ఆసుపత్రికి పంపాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి ఏ భంగిమలోనూ తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక టీబీని గుర్తుపెట్టుకోండి. గతంలో క్యాన్సర్, ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్లు, పెద్ద వయసులో చిన్నగా జారిపడ్డాక మొదలైన నొప్పి కూడా ఈ జాబితాలోవే. మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కుంటున్న నొప్పి బిళ్లలేమిటో, ఎన్నాళ్లుగానో అడగండి. వాటిని మానమనీ తగ్గించమనీ మీరు చెప్పొద్దు. ముఖ్యంగా నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపకూడదు. రాసిన డాక్టరుకు చీటీ రాసి పంపండి.

2. పది నిమిషాలు అడ్డుపడకుండా వినండి

"మొదటి నుంచీ చెప్పండమ్మా, ఎలా మొదలైంది?" అని అడిగి ఆగండి. ఫైలు తిప్పొద్దు, ఫోన్ ఎత్తొద్దు. తర్వాత ఈ నాలుగు తప్పకుండా అడగండి:

- "ఈ నొప్పి ఎందుకొచ్చిందని మీరు అనుకుంటున్నారు?"
- "ఏ పని చేస్తే ముప్పు అని మానేశారు?"
- "ఇంకా ఏమవుతుందోనని దేనికి భయపడుతున్నారు?"
- "మీకు నొప్పి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు?"

జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "గ్యాప్ వచ్చింది", "నరం నొక్కుకుపోయింది", "ఇక మంచానే పడతానేమో" అంటే అలాగే రాయండి. దాన్ని మీ వైద్య భాషలోకి మార్చి రాసుకుంటే 4వ మెట్టులో ఏ నమ్మకం మీద పనిచేయాలో మీకే దొరకదు.

నడుం నొప్పికి స్టార్ట్ బ్యాక్ అనే 9 ప్రశ్నల పత్రం ఉంది. మొత్తం స్కోరు 3 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే రిస్క్ తక్కువ. చివరి 5 ప్రశ్నలు భయం, దిగులు, నిరాశల గురించినవి. వాటిలో 4 గానీ 5 గానీ వస్తే ఈ పద్ధతి పూర్తిగా అవసరమైన పేషెంట్. ఒక హెచ్చరిక: ఇంగ్లీషు పత్రాన్ని అక్కడికక్కడే మీ తెలుగులో చెప్పుకుంటూ స్కోరు వేయకండి. మాట కొంచెం మారితే జవాబు మారుతుంది, ఆ అంకెకు విలువ ఉండదు. అలాంటప్పుడు దాన్ని మాటల్లోకి దిగడానికి వాడుకోండి చాలు.

3. దిగులును నేరుగా అడగండి

డిప్రెషన్ ఉందేమో తొలిగా చూసే పీహెచ్‌క్యూ-2 అనే పత్రంలో ఉన్నవి రెండే ప్రశ్నలు: గత 2 వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా నిరాశగా ఉండటం. ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే పూర్తి పరీక్షకు పంపండి. "ఒక్కోసారి బతకడం ఎందుకనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా ఇంటికి పంపకుండా కుటుంబంలో ఒకరిని పిలిపించి, అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించే ఏర్పాటు చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో హింస ఉందని ఎవరైనా చెబితే మహిళా హెల్ప్‌లైన్ 181 ఇవ్వండి, అది కుటుంబసభ్యుల ముందు కాకుండా చూసుకోండి. డిప్రెషన్, మనసును గాయపరిచిన సంఘటనల జ్ఞాపకాలు, మద్యం అలవాటు మీ పరిధిలోకి రావు. అక్కడికి పంపి, మీ ఫిజియో పని ఆపకుండా పక్కనే కొనసాగించవచ్చు.

4. ఐదు నిమిషాల్లో వివరించండి, అరగంట ఉపన్యాసం వద్దు

వాళ్లు చెప్పిన నమ్మకంతోనే మొదలుపెట్టండి. ఎమ్మారై రిపోర్టు పట్టుకొచ్చి "డిస్క్ బల్జ్ అంట" (వెన్నుపూసల మధ్య డిస్కు కాస్త ఉబ్బడం) అంటే, దాన్ని కొట్టిపారేయకుండా ఇలా చెప్పొచ్చు: "ఉన్న మాట నిజమేనండి. కానీ 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, నొప్పే లేని 50 ఏళ్లవాళ్లకు స్కాన్ తీస్తే నూటికి 60 మందిలో బల్జ్, 80 మందిలో డిస్క్ అరుగుదల కనిపించాయి. తల నెరవడం లాగే ఇదీ వయసుతో వచ్చే మార్పు. నొప్పికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు."

తర్వాత అసలు సంగతి: దెబ్బ మానాక కూడా నొప్పిని పట్టిచ్చే వ్యవస్థ అతిగా స్పందిస్తూ ఉండొచ్చు. బీసెంట్ రోడ్డులో ఆపిన కారు అలారం అద్దం పగిలితేనే మోగాలని లేదు, పక్క బండి రాసుకున్నా మోగుతుంది. నిద్ర లేకపోయినా, ఆందోళన పెరిగినా, కదలిక మానేసినా ఆ అలారం ఇంకా సున్నితమవుతుంది. ఇంతవరకు చాలు.

మీ నోటి నుంచి రాకూడని మాట: "అంతా మీ మనసులోనే ఉంది." ఈ ఒక్క మాటతో పేషెంట్ మీ దగ్గరికి రావడమే మానేస్తారు, పైగా అది నిజం కూడా కాదు. "నొప్పి నిజం, మీరు పడుతున్న బాధ నిజం" అన్నది మొదట చెప్పండి. అలాగే "మీ నడుం చాలా వీక్‌గా ఉంది", "జాగ్రత్త, వంగితే మళ్లీ జారుతుంది" లాంటివి కూడా మానేయండి. చాలామంది భయం క్లినిక్‌లలో విన్న ఇలాంటి మాటల నుంచే మొదలైంది.

అర్థమైందో లేదో ఇలా చూడండి: "ఇంటికెళ్లాక మీ అబ్బాయి ఏం చెప్పారని అడిగితే ఏం చెబుతారు?" వాళ్ల జవాబులో "అరిగిపోయింది కాబట్టి" అని వస్తే మీ వివరణ చేరలేదన్నమాట. మళ్లీ అదే చెప్పకండి. 6వ మెట్టులో శరీరంతోనే చూపించండి.

5. లక్ష్యం వాళ్లది, కొలత మీది

"నొప్పి తగ్గాలి" అన్నది లక్ష్యంగా రాయకండి. నొప్పి వల్ల మానేసిన మూడు పనులు చెప్పించండి. ఇంద్రకీలాద్రి మెట్లెక్కడం, నేల మీద బాసింపట్టు వేసుకుని భోజనం చేయడం, ఆటోనగర్‌లో బండి కింద వంగి గంటసేపు పనిచేయడం, మిర్చి సీజన్‌లో గోతం మీద కూర్చుని ముచ్చికలు తీయడం, ఏదైనా సరే. ఒక్కోదానికి 0 (అసలు చేయలేను) నుంచి 10 (ముందులాగే చేయగలను) వరకు అంకె వేయించండి. ఇదే పేషెంట్ స్పెసిఫిక్ ఫంక్షనల్ స్కేల్. పనులు పేషెంటే చెబుతారు కాబట్టి మన ఊరికి ఇంతకన్నా సరిపడే కొలత లేదు. అంకెలు 3, 2, 4 వస్తే సగటు 3. ఆ సగటు కనీసం 2 పాయింట్లు పెరిగితేనే నిజమైన మార్పు. విడిగా ఒక పనిని చూస్తే 3 పాయింట్లు పెరగాలి.

ఆ తర్వాత నడక లేదా కూర్చునే సమయానికి కోటా వేయండి. మూడు రోజుల పాటు, నొప్పి వల్ల ఆపాలనిపించేదాకా ఎంతసేపు నడిచారో నోటుబుక్కులో రాయించండి. ఉదాహరణకు 12, 9, 15 నిమిషాలు. సగటు 12. అందులో 80 శాతం అంటే 9.6, దాన్ని కిందికి దింపి 9 నిమిషాలతో మొదలు. రెండు రోజులకు ఒక నిమిషం పెంచండి.

నియమం ఒక్కటే: బాగున్న రోజు కోటా దాటకూడదు, బాగోలేని రోజు కోటా మానకూడదు. మొదటి సగం పాటించడమే కష్టం. నొప్పి తక్కువగా ఉందని ఆదివారం ఇల్లంతా దులిపి, సోమ, మంగళవారాలు మంచానికి అతుక్కుపోయేవాళ్లే ఎక్కువ. నోటుబుక్కులో ఒక రోజు 40, మరుసటి రోజు 0, ఆ మరుసటి రోజు 5 కనిపిస్తే కోటా ఎక్కువైందని కాదు, నియమం అర్థం కాలేదని. అంకె మార్చకుండా నియమం మళ్లీ చెప్పండి. కోటా పాటిస్తూ కూడా వరసగా మూడు రోజులు పూర్తి చేయలేకపోతే అప్పుడు 20 శాతం తగ్గించండి.

దూరంతో కాకుండా గడియారంతో కొలవండి. ఎండాకాలంలో మన బెజవాడలో ఉదయం ఆరున్నర దాటాక నడక చెప్పడం వృథా. తెల్లవారుజామున గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలోనో, మేడ మీదో, అదీ కుదరకపోతే ఇంట్లోనే వరండాలోనో నడిచినా లెక్కే.

6. భయపడే కదలికను దగ్గరుండి చేయించండి

పని అంతా ఇక్కడే ఉంది. మిగతా మెట్లకు సమయం చాలకపోయినా దీనికి కేటాయించండి.

మానేసిన పనుల జాబితా తీసి, ఒక్కోటి ఎంత భయమో 0 నుంచి 100 వరకు వేయించండి. 30, 40 దగ్గర ఉన్నదానితో మొదలుపెట్టండి. పదితో మొదలుపెడితే ఏమీ నేర్చుకోరు, తొంభైతో మొదలుపెడితే మళ్లీ రారు.

ముచ్చికలు తీసే పనికి వెళ్లే ఒకామె, వంగితే నడుం పట్టేస్తుందని ఏడాదిగా వంగడమే మానేసిందనుకుందాం. జాబితాలో ఎత్తు స్టూలు మీది సంచి అందుకోవడానికి ఆమె 35 వేసింది. సంభాషణ ఇలా నడవాలి:

"అమ్మా, ఆ సంచి అందుకుంటే ఏమవుతుందనిపిస్తోంది?"
"పట్టేస్తుందండి. ఇక లేవలేను."
"అలా అవుతుందని నూటికి ఎంత నమ్మకం?"
"తొంభై అనుకోండి."
"సరే, నేను పక్కనే ఉంటాను. ఊపిరి బిగబట్టకుండా వంగండి."

వంగేటప్పుడు ఆమె ఏం చేస్తోందో చూడండి: ఒక చెయ్యి నడుం మీద, పళ్లు బిగించి, పొట్ట గట్టిగా లోపలికి లాక్కుని, మోకాళ్లు మాత్రమే వంచి. ఇవే రక్షణ అలవాట్లు. ఒక్కోసారి ఒక్కటి తీయించండి. మొదట ఊపిరి వదిలించండి, తర్వాత చెయ్యి తీయించండి, ఆ తర్వాత నడుమును గుండ్రంగా వంగనివ్వండి. ఐదు సార్లు చేశాక:

"ఏమైంది?"
"లాగిందండీ. కానీ లేచాను."
"పట్టేస్తుందన్న నమ్మకం ఇప్పుడు నూటికి ఎంత?"
"అరవై."
"దీన్నిబట్టి మీకేమనిపిస్తోంది?"

ఇక్కడ మీరు నోరు మెదపొద్దు. "చూశారా, నేను చెప్పలా!" అనకండి. ముగింపు మాట ఆమె నోటి నుంచే రావాలి. వచ్చిన మాట నోటుబుక్కులో ఆమె చేతనే రాయించండి, రాయడం రాకపోతే మీరు రాయండి. నమ్మకం 30 కన్నా తగ్గేవరకు అదే మెట్టు మీద ఉండి, ఆ తర్వాత చిన్న స్టూలు, ఆ తర్వాత నేల, గొంతుక్కూర్చుని సంచిలోంచి తీయడం, 3 లీటర్ల నీళ్లతో బకెట్టు, 5 లీటర్లతో బకెట్టు. క్లినిక్‌లో అయిన మెట్టును అదే రోజు సాయంత్రం ఇంట్లో కూడా చేయాలి. లేకపోతే "డాక్టరు గారు పక్కనుంటేనే ఏమీ కాదు" అన్న కొత్త నమ్మకం తయారవుతుంది.

ఎముకలు బోలుగా మారి వెన్నుపూస విరిగినవాళ్లకు బరువుతో ముందుకు వంగే మెట్లు ఇవ్వొద్దు. వాళ్లకు నడక, కుర్చీలోంచి లేవడం లాంటివాటితో జాబితా వేయండి. మగ ఫిజియో, ఆడ పేషెంట్ అయితే గదిలో ఒక మహిళా సిబ్బంది ఉండేలా చూసుకోండి. వంగే కదలికలు చేయించేటప్పుడు ఆమె ఇబ్బంది పడితే అది భయమా, సిగ్గా అన్నది మీకు తెలియదు.

7. నొప్పి తిరగబెట్టినప్పటి చీటీ

ఇది రెండో సెషన్‌లోనే రాసివ్వండి. తిరగబెట్టడం ఖాయం. అప్పుడు పేషెంట్ చేతిలో చీటీ లేకపోతే బెల్టూ, మంచమూ, ఇంజెక్షనూ గుర్తొస్తాయి. చీటీలో ఉండాల్సినవి:

- ప్రమాద సూచనలు ఏవి (1వ మెట్టులోవి), అవి ఉంటే ఆసుపత్రి
- లేకపోతే రెండు రోజులు కోటాలో సగం, మూడో రోజు ముప్పావు, నాలుగో రోజు పూర్తి
- ముక్కుతో 4 సెకన్లు పీల్చి 6 సెకన్లు వదలడం, 5 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. తల తిరిగితే గట్టిగా పీలుస్తున్నారని, నెమ్మదించమనండి
- వేడి కాపడం పెట్టుకోవచ్చు
- ఐదు రోజులకూ దారికి రాకపోతే మీకు ఫోన్

8. ఇంట్లోవాళ్లను ఒక్కసారైనా పిలవండి

"అమ్మా, నువ్వు వంగకు, నేను తీస్తాలే" అనే కొడుకు ప్రేమతోనే అంటాడు. ఫలితం మాత్రం ఆమె ఇంకో పని మానేయడమే. "రోజంతా నొప్పి నొప్పి అంటుంది, పనికి బద్ధకం" అనే భర్త రెండో రకం. ఇద్దరికీ ఒకే సూచన: నొప్పి ఎలా ఉందని అడగడం తగ్గించి, ఈరోజు కోటా అయ్యిందా అని అడగండి. అయితే బాగుందనండి, పనులు లాక్కోవద్దు. ఈ మాటలు పేషెంట్ ముందే చెప్పండి, చాటుగా చెబితే ఇంటికెళ్లాక వేరే అర్థాలు తీస్తారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ప్రతి సెషన్‌నూ "ఈరోజు నొప్పి పదికి ఎంత?" అని మొదలుపెట్టడం. ఆ ప్రశ్నతో రోజూ నొప్పినే వెతుక్కుంటారు. "మొన్న అనుకున్నది ఎంతవరకు వచ్చింది?" అని అడగండి. నొప్పి అంకెను మొదటి రోజు, 6వ వారం, 12వ వారం తీసుకుంటే చాలు.

ఐఎఫ్‌టీ (కరెంటు పెట్టడం), హాట్ ప్యాక్ ఒక్కసారిగా ఆపేయడం ఇంకోటి. డబ్బు కట్టింది వాటికోసమేనని పేషెంట్ అనుకుంటారు, సగంలో మానేస్తారు. మొదటి రెండు సెషన్లు వ్యాయామం తర్వాత పది నిమిషాలు పెట్టండి, మూడో సెషన్ నుంచి "ఈరోజు ఇది లేకుండా చూద్దామా?" అని అడిగి తీసేయండి. పది సిట్టింగుల ప్యాకేజీ మీ క్లినిక్ అలవాటైతే, ఆ పదినే 12 వారాలకు పరచండి: మొదటి రెండు వారాలు వారానికి రెండు, తర్వాత నాలుగు వారాలు వారానికొకటి, మిగిలిన రెండూ 9వ, 12వ వారాల్లో. క్లినిక్ ఆదాయం పోదు, పేషెంట్ ఇంట్లో చేసుకోవడమూ మొదలవుతుంది. రోజూ పిలిపిస్తే ఆ ఇంటి పని ఎప్పటికీ మొదలుకాదు.

ఇక ఒకే రోజు వివరణ, శ్వాస, నిద్ర, ఏడు వ్యాయామాలు కుమ్మరించడం. ఒక సెషన్‌కు ఒక కొత్త సంగతి, ఇంటికి గరిష్ఠంగా మూడు పనులు.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది?

రెండో వారానికి నొప్పి తగ్గుతుందని ఎదురుచూడకండి. నోటుబుక్కులో అంకెలు ఎగుడుదిగుడులు తగ్గి సమంగా మారాలి. నాలుగో వారానికి భయం జాబితాలో కనీసం రెండు పనులు కిందికి దిగాలి. ఆరో వారానికి పనుల సగటు 2 పాయింట్లు పెరగాలి. నొప్పి అంకె సాధారణంగా వీటన్నిటి తర్వాతే కదులుతుంది, కొందరిలో పెద్దగా కదలదు కూడా. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంచితే ఆరో వారంలో గొడవ ఉండదు.

ఆరో వారానికి ఏమీ మారకపోతే వ్యాయామం పెంచడం పరిష్కారం కాదు. వరసగా ఇవి చూడండి: ప్రమాద సూచనలు కొత్తగా ఏమైనా వచ్చాయా, పీహెచ్‌క్యూ-2 మళ్లీ అడిగితే ఎంత, నిద్ర ఎన్ని గంటలు, లక్ష్యం నిజంగా వాళ్లదేనా లేక మీరు పెట్టిందా, కోర్టు కేసో ఇన్సూరెన్సో అప్పో వెనకాల ఉందా. వీటిలో ఏదీ దొరకకపోతే పంపిన డాక్టరుకు, సైకాలజిస్టుకు కలిపి ఒకే పేజీ ఉత్తరం రాయండి: పనుల సగటు అప్పుడెంత, ఇప్పుడెంత, భయం జాబితాలో ఏ మెట్టు దగ్గర ఆగింది, మీరు అడుగుతున్న ప్రశ్న ఏమిటి. "ఫిజియోకు స్పందించలేదు" అని ఒక్క ముక్క రాసి పంపకండి.

బాగుపడినవాళ్లకు 12వ వారంలో సెలవు చెప్పేటప్పుడు 26వ వారం తేదీని నోటుబుక్కులో రాసివ్వండి. ఆ రోజు మంచం ఎక్కించక్కర్లేదు. మూడు పనుల అంకెలు తీసుకోండి, ఈ మధ్య తిరగబెట్టినప్పుడు చీటీ వాడారా అని అడగండి, జాబితాలో మిగిలిపోయిన పై మెట్టు ఏదైనా ఉంటే ఆ ఒక్కటీ చేయించి పంపండి.